హెడ్ మెకానిక్కు పని

పదవ తరగతి ఫలితములు వచ్చిన వెంటనే మన తల్లిదండ్రులలో పలువురు "మావానిని ఏ.సి. పనిలో చేర్పింతుమా?" అని అడుగుచుందురు. ఆత్తిపట్టులో ఈ ప్రశ్న సహజమే. ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రము, వల్లూరు విద్యుత్ కేంద్రము, 2001లో ప్రారంభమైన ఎన్నూరు ఓడరేవు (నేటి కామరాజర్ పోర్టు) మన చుట్టునే యున్నవి. విద్యుత్ కేంద్రముల కంట్రోలు గదులలోని సున్నితమైన పరికరములు వేడిమి కోర్వజాలవు. అచట చల్లదనము మనుష్యులకన్న ముందు యంత్రములకు కావలెను. 1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ కారియర్ రూపొందించిన తొలి యంత్రమును బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయమున కాగితము తేమకు సాగకుండుటకై ఏర్పడినదే.

ఈ పనివారి జట్టును నడపువాడే హెడ్ మెకానిక్కు. అందులకు మార్గమిది: పదవ తరగతి గణితము, సైన్సులతో ప్యాసై, ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఈ వృత్తిని చదివి, 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద ఒక సంస్థలో శిక్షణ పొంది, పిమ్మట కొన్నేండ్లు మెకానిక్కుగా పనిచేయవలెను. బాలికలకును ఈ చదువు కలదు. చదువు నడుమనే మానిపించి షాపులో సహాయకునిగా పెట్టిన పిల్లవాడు చేతిపని చురుకుగా నేర్చును, నాలుగు రూకలు ముందుగా ఇంటికి తెచ్చును, నిజమే. కాని సంస్థవారు ధ్రువపత్రము చూపుమన్ననాడు, తాను పని నేర్పిన కుర్రవాని క్రిందనే పనిచేయవలసివచ్చును. ఆ బాధ చిన్నది కాదు.

మరమ్మతు తెలిసినంతమాత్రమున హెడ్ మెకానిక్కు కాజాలడు. జట్టువారి ప్రాణములు అతని చేతిలో నుండును. మెయిన్ ఆపి తాళమువేసి, తాళపుచెవి తనవద్ద నుంచుకొనిన పిదపనే ఇతరులను యంత్రముపై చేయి వేయనిచ్చును. కరెంటు ఆపిన తరువాతను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును. గొట్టములలో లీకు చూచుటకు నైట్రోజను వాయువునే ఎక్కింపవలెను. ఆక్సిజను ఎక్కించినచో కంప్రెసరు నూనెతో కలిసి ప్రేలును. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి ఆర్-22 వాయువు క్రమముగా తొలగిపోవుచున్నది. దాని స్థానమున వచ్చినవానిలో ఆర్-32 కొంత మండు స్వభావము గలది. కావున పాత అలవాటుతో గొట్టము అతుకుటకు మంట వెలిగించుట ప్రమాదము. పాఠము చదివినవానికే ఈ భేదము తెలియును. ఇంతేగాక ప్రతిదినమును పీడనములు, ఆంపియరులు పుస్తకమున వ్రాయవలెను. ఆ వ్రాత తరచుగా ఇంగ్లీషున, ఆజ్ఞలు తమిళమున. మనవారు రెంటికిని జంకరాదు.

ఇక పని పరిస్థితులు. లోకమునకు చల్లదనమిచ్చువాడు తాను మేడమీది యెండలోనే నిలుచును. రోహిణికార్తెలో, అందరికిని చల్లదనము కావలసిననాడే, అతనికి పని హెచ్చు. రాత్రి షిఫ్టులు, పండుగనాటి పిలుపులు తప్పవు. మన తీరపు ఉప్పుగాలి కండెన్సరు రేకులను తినివేయుటచేత శుభ్రపరచుపనియు మెండు. ద్రవరూపమున చిమ్మిన వాయువు చర్మమును గడ్డకట్టించును. మూసిన గదిలో నిండినచో ఊపిరాడదు.

కొడుకును పనిలో చేర్చుటకు ముందు కాంట్రాక్టరు నడుగవలసిన ప్రశ్నలలో జీతము మొదటిది కానక్కరలేదు. నడుముకు కట్టు బెల్టు, చేతిజోళ్లు, కండ్లద్దములు ఎవరిత్తురు? ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. ఏ దినమునుండి? రాత్రిపని చేసిన మరునాడు విశ్రాంతి కలదా? వీనికి నోటిమాటగా కాక కాగితముమీద జవాబు పుచ్చుకొనవలెను.