ఒత్తిడి, శోథ సంకేతాల అధ్యయనంలో ప్రతిరక్షకాల విశిష్టత

ఉపోద్ఘాతం:
మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915లో ప్రారంభమైంది. 1950వ దశకంలో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం ఈ ప్రాంతపు గ్రామాలలో బి.సి.జి. టీకా ప్రభావాన్ని పరిశీలించింది. ఇటువంటి అధ్యయనాలకు ఆధారమైన ట్యూబర్క్యులిన్ చర్మపరీక్షకు ఒక పరిమితి ఉంది. క్షయ బాక్టీరియా సోకినవారిలోనే కాక, బి.సి.జి. పొందినవారిలోను, మట్టిలో నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాలకు గురైనవారిలోను చర్మం ఉబ్బవచ్చు. ప్రతిస్పందన కనిపించినంత మాత్రాన దాని కారణం నిర్ధారణ కాదు. ప్రయోగశాలలో ప్రతిరక్షకాలను వాడే పరిశోధకులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మూడు పద్ధతులు:
క్షయ బాక్టీరియా ప్రవేశించిన మాక్రోఫేజ్ కణంలో పి38 ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. ఐ-కప్పా-బి క్షీణించగా, దాని అదుపులోని ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి చేరి శోథ జన్యువులను ప్రేరేపిస్తుంది. ఫలితంగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వెలువడుతుంది. పి38 స్థితిని వెస్టర్న్ బ్లాట్, ఎన్‌ఎఫ్-కప్పా-బి స్థానాన్ని ఇమ్యునోఫ్లోరెసెన్స్, వెలువడిన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా పరిమాణాన్ని ఎలైసా తెలుపుతాయి.

పి38కు రెండు ప్రతిరక్షకాలు అవసరం. ఒకటి ఫాస్ఫేట్ చేరిన రూపాన్ని, మరొకటి మొత్తం ప్రొటీన్‌ను గుర్తిస్తుంది. మొదటిది పెరిగి రెండవది మారకుంటే సంకేతం చైతన్యవంతమైందని భావించవచ్చు. రెండూ సమంగా పెరిగితే ప్రొటీన్ పరిమాణమే పెరిగి ఉండవచ్చు. నమూనాను మంచుపై ఉంచి, ఫాస్ఫటేజ్ నిరోధకాలు కలపకపోతే ఫాస్ఫేట్లు తొలగిపోయి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

విశిష్టతా పరీక్షలు:
లక్ష్య జన్యువును తొలగించిన కణాలలో బ్లాట్ పట్టీ అదృశ్యం కావాలి. ఫాస్ఫటేజ్‌తో శుద్ధిచేసిన నమూనాలో ఫాస్ఫేట్ రూపపు పట్టీ మాత్రమే పోవాలి. బ్లాట్‌లో పనిచేసిన ప్రతిరక్షకం, ప్రొటీన్ సహజాకృతిలో ఉండే ఇతర పద్ధతులలో పనిచేయకపోవచ్చు.

జీవజాతి మారినా పునఃపరీక్ష తప్పదు. ఉదాహరణకు, పుంగనూరు ఆవుల రక్తకణాలలో ఎండ ఒత్తిడిని హెచ్‌ఎస్‌పి70 ద్వారా కొలవదలిస్తే, మానవ ప్రొటీన్‌కై తయారైన ప్రతిరక్షకం పశుకణాలలో సరిగా పనిచేస్తున్నదో లేదో ముందుగా చూడాలి. కణంలో సహజంగానే ఉండే హెచ్‌ఎస్‌సి70ను కూడా అది గుర్తిస్తే, వేడివల్ల కలిగిన పెరుగుదల మరుగున పడుతుంది.

ముగింపు:
సిద్ధాంత గ్రంథంలో పట్టీ చిత్రంతో పాటు ప్రతిరక్షకపు క్లోన్, లాట్ సంఖ్యలు, వాడిన పలుచన, నియంత్రణ నమూనాల ఫలితాలు పొందుపరచాలి. అప్పుడే మరొక ప్రయోగశాల ఆ నిర్ధారణను సరిచూడగలదు.