జూనియర్ హాకీ ప్లేఆఫ్స్: మార్చి నెలలో ఆ పిల్లల మీద ఎంత భారం ఉంటుందో తెలుసా?

మార్చి నెలాఖరు వచ్చేసరికి అంటారియోలో ఉన్న మన తెలుగు ఇళ్లలో రెండు హడావుడులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి ఉగాది, తెలుగు సంఘాల కార్యక్రమాలు. రెండోది హాకీ ప్లేఆఫ్స్. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తొస్తాయి. మనవడు మాత్రం ఐస్ మీద జారుతూ, హెల్మెట్ పెట్టుకుని, పక్ వెంట పరిగెడుతుంటాడు. "వాళ్లు అలా గుద్దుకుంటుంటే ఎవరూ ఆపరేంటి నాయనా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా అబ్బాయి అండర్-15లో ఆడుతున్నాడు కాబట్టి మా ఇంట్లోనూ ఇదే చర్చ. అందుకే జూనియర్ హాకీ జట్టు ప్లేఆఫ్స్‌కి ఎలా సిద్ధమవుతుందో, అందులో తల్లిదండ్రులుగా మనం దేని మీద కన్నేసి ఉంచాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

జూనియర్ అంటే ఏ స్థాయి?

కెనడాలో పిల్లలు ఊళ్లో ఆడే ఆటను మైనర్ హాకీ అంటారు. దానికి పై మెట్టు జూనియర్. అందులో అన్నిటికంటే పైన ఉన్నవి మూడు లీగులు: అంటారియో హాకీ లీగ్, వెస్టర్న్ హాకీ లీగ్, క్యుబెక్ వైపు ఆడే లీగ్. ఈ మూడూ కలిసి కెనడియన్ హాకీ లీగ్. ఆడేవాళ్లు ఎక్కువగా 16 నుంచి 20 ఏళ్ల పిల్లలు. అంటే మన లెక్కలో పదో తరగతి నుంచి డిగ్రీ రెండో సంవత్సరం వయసు. 20 ఏళ్లవాళ్లు జట్టుకు ముగ్గురికి మించకూడదు.

మనవాళ్లకి ఇది దూరపు వ్యవహారమేమీ కాదు. భారతీయ మూలాలున్న అర్ష్‌దీప్ బెయిన్స్ బ్రిటిష్ కొలంబియాలోని సర్రీలో పుట్టి పెరిగాడు. రెడ్ డీర్ రెబెల్స్ తరఫున జూనియర్ ఆడుతూ 2021-22 సీజన్లో వెస్టర్న్ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించాడు. ఆ తర్వాత వాంకూవర్ కనక్స్ తరఫున ఎన్‌హెచ్ఎల్‌లో అడుగుపెట్టాడు.

ఐపీఎల్‌కి, దీనికి తేడా

అంటారియో లీగ్‌లో 20 జట్లు. సెప్టెంబర్ చివర మొదలుపెట్టి మార్చి దాకా ఒక్కో జట్టు 68 మ్యాచ్‌లు ఆడుతుంది. తూర్పు, పడమర కాన్ఫరెన్సుల నుంచి ఎనిమిదేసి, మొత్తం 16 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. ఐపీఎల్‌లో 10 జట్లలో నాలుగే వెళ్తాయి కదా, ఇక్కడ 20లో 16 వెళ్తే గొప్పేముంది అనిపిస్తుంది. గొప్ప అంతా ఆ తర్వాతే.

ఐపీఎల్ ఎలిమినేటర్‌లో ఒక్క సాయంత్రంతో కథ తేలిపోతుంది. ఇక్కడ ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీస్. ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి వెళ్తారు. అలాంటి రౌండ్లు నాలుగు. అంటే కప్పు చేతికి రావాలంటే 16 మ్యాచ్‌లు గెలవాలి. సిరీస్‌లన్నీ ఏడో మ్యాచ్ దాకా సాగితే 28 మ్యాచ్‌లు. 68 మ్యాచ్‌లు ఆడి అలిసిపోయిన ఒంటితో ఇవన్నీ ఆడాలి. అది గెలిస్తే మిగతా రెండు లీగుల విజేతలతో, ఆతిథ్య జట్టుతో కలిసి మెమోరియల్ కప్ ఆడే అవకాశం వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం 1919లో మొదలుపెట్టిన కప్పు అది. 2025లో లండన్ నైట్స్ గెలుచుకుంది. ఇక్కడ లండన్ అంటే మన అంటారియో లండనే.

మరి 16 జట్లు ఎలాగూ వెళ్తున్నప్పుడు మార్చిలో ప్రతి పాయింటుకూ అంత పోరాటం ఎందుకు? సొంత రింక్ కోసం. పై స్థానంలో ఉన్న జట్టుకి ఏడో మ్యాచ్ సొంతూళ్లో పడుతుంది. ప్రేక్షకుల కేకలు ఒక లాభం. అసలు లాభం ఇంకోటి ఉంది. ఆట ఆగిన ప్రతిసారీ రెండు జట్లూ ఆటగాళ్లను మార్చుకోవచ్చు. ముందు బయటి జట్టు మార్చుకోవాలి, తర్వాత సొంత రింక్ జట్టు మార్చుకుంటుంది. అవతలివాళ్లు ఎవరిని దింపారో చూసి, వాళ్ల బెస్ట్ ప్లేయర్ మీదకి తన గట్టి డిఫెన్స్ ఆటగాణ్ని కోచ్ పంపిస్తాడు. పేకాటలో ఎదుటివాడి ముక్క చూసి మన ముక్క వేసినట్టు.

తయారీ జనవరిలోనే మొదలు

ప్లేఆఫ్స్‌కి సిద్ధం కావడం మార్చిలో జరిగే పని అనుకుంటాం. నిజానికి అది జనవరి మొదట్లోనే మొదలవుతుంది. అప్పుడు ట్రేడ్ గడువు ఉంటుంది. కప్పు మీద ఆశ ఉన్న జట్టు రాబోయే సంవత్సరాల డ్రాఫ్ట్ అవకాశాలను వదులుకుని 19, 20 ఏళ్ల అనుభవజ్ఞుల్ని తెచ్చుకుంటుంది. ఆశ లేని జట్టు పెద్దవాళ్లను ఇచ్చేసి చిన్నవాళ్లను పోగుచేసుకుంటుంది. వినడానికి ఇది వ్యాపారంలా ఉంటుంది. కానీ మారేది ఒక కుర్రాడి జీవితం. సోమవారం ఒక ఊళ్లో బడికి వెళ్లినవాడు గురువారానికి మూడు వందల కిలోమీటర్ల అవతల కొత్త ఇంట్లో, కొత్త బడిలో ఉండొచ్చు.

ఫిబ్రవరి దాటాక ప్రాక్టీసు తీరు మారుతుంది. గంటలు తగ్గుతాయి, పని చిక్కబడుతుంది. ఒక్కో ఆటగాడు ఐస్ మీద ఉండే షిఫ్ట్ 40, 45 సెకన్లే. ఆ కాసేపు ఒంట్లో ఉన్నదంతా పెట్టి బెంచీకి వచ్చేయాలి. అందుకే సీజన్ చివర్లో దమ్ము పెంచడం కంటే ఉన్న దమ్ము కాపాడుకోవడమే ముఖ్యం. స్థానం ఖాయమైన జట్లు చివరి వారంలో కొందరికి విశ్రాంతి ఇస్తాయి, ముఖ్యంగా గోలీకి.

ఐస్ మీద ఎక్కువ సమయం పవర్ ప్లే, పెనాల్టీ కిల్ సాధనకే పోతుంది. అవతలివాడు తప్పు చేసి రెండు నిమిషాలు బయట కూర్చుంటే మనవాళ్లు ఐదుగురు, వాళ్లు నలుగురు. అది పవర్ ప్లే. మనవాడే బయట కూర్చుంటే ఆ రెండు నిమిషాలూ గోల్ పడకుండా కాచుకోవడం పెనాల్టీ కిల్. బలాబలాలు దగ్గరగా ఉన్న సిరీస్ తరచూ ఇక్కడే తేలుతుంది. ఒకే ప్రత్యర్థితో రెండు వారాలు ఆడాలి కాబట్టి వీడియోలు కూడా బాగా చూస్తారు. అవతలి గోలీ ఏ వైపు నెమ్మదిగా కదులుతాడు, ఫేసాఫ్ గెలిచాక పక్ ఎటు పంపుతారు లాంటివన్నీ మూడో మ్యాచ్‌కి రెండు జట్లకీ కంఠతా వచ్చేస్తాయి.

ఓవర్‌టైమ్ నియమం కూడా మారిపోతుంది. లీగ్ మ్యాచ్‌లో సమమైతే ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాలు, అప్పటికీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు. మామూలుగానే ఐదుగురేసి, 20 నిమిషాల పీరియడ్ల చొప్పున, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా సాగుతుంది. మర్నాడు ఆఫీసు ఉందని మధ్యలో లేచి రాలేం, చూసుకోండి.

రింక్ బయట జీవితం

ఈ పిల్లల్లో చాలామంది సొంత ఇంట్లో ఉండరు. బిల్లెట్ కుటుంబాలని ఉంటాయి. జట్టు ఉన్న ఊళ్లో ఒక కుటుంబం ఆటగాణ్ని తమ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి చూసుకుంటుంది. వెనకటి రోజుల్లో పట్నంలో చదువుకోడానికి చుట్టాలింట్లో ఉన్నట్టే, కాకపోతే వీళ్లు చుట్టాలు కారు. వారంలో రెండు మూడు మ్యాచ్‌లు, గంటలకొద్దీ బస్సు ప్రయాణాలు, బస్సులోనే హోంవర్క్. ప్లేఆఫ్స్‌లో మంగళవారం, బుధవారం రాత్రులు కూడా మ్యాచ్‌లు పడతాయి. అర్ధరాత్రి ఇల్లు చేరి పొద్దున బడికి వెళ్లాలి.

బస్సు అనగానే కెనడాలో ఎవరికైనా హంబోల్ట్ గుర్తొస్తుంది. 2018 ఏప్రిల్ 6న సస్కాచువాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ అనే జూనియర్ జట్టు ప్లేఆఫ్ మ్యాచ్‌కి వెళ్తుండగా కూడలిలో ఒక ట్రక్కు అడ్డుపడి 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ఆ వారం దేశమంతటా జనం ఇంటి ముందు వరండాలో హాకీ స్టిక్ పెట్టి, దీపం వెలిగించారు. సస్కాచువాన్‌లో కొత్త ట్రక్కు డ్రైవర్లకు శిక్షణ తప్పనిసరి చేస్తూ నియమాలు వచ్చింది ఆ తర్వాతే. ఇక్కడివాళ్లు జూనియర్ ఆటగాళ్లను సొంత పిల్లల్లా ఎందుకు చూసుకుంటారో అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

తలకు దెబ్బ: ఇక్కడ మొహమాటం వద్దు

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ భాగం. ప్లేఆఫ్స్‌లో ఎవరికి ఏ దెబ్బ తగిలిందో జట్లు బయటపెట్టవు. "అప్పర్ బాడీ", "లోయర్ బాడీ" అని మాత్రమే చెప్తాయి. తెలిస్తే అవతలివాళ్లు సరిగ్గా అక్కడే గుద్దుతారని భయం. మోకాలి విషయంలో ఈ గుట్టు అర్థం చేసుకోవచ్చు. తల విషయంలో ఇదే అలవాటు పిల్లలకి పాకితే ప్రమాదం. పెద్ద ఆటగాళ్లు నొప్పి దాచుకుని ఆడటం టీవీలో చూసి, 14 ఏళ్ల పిల్లాడు కూడా తల తిరుగుతున్నా "నేను బాగానే ఉన్నా" అంటాడు. సెమీఫైనల్ రేపే అయితే మరీను.

కన్‌కషన్ అంటే తల లోపల మెదడు అదిరిపోవడం. స్పృహ తప్పక్కర్లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు పడకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఊరికే చిరాకు పడటం కూడా లక్షణాలే. మొదటిది తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదకి రావచ్చు. రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల ఒట్టావా అమ్మాయి 2013లో రగ్బీ ఆడుతూ అలాగే చనిపోయింది. ఆమె పేరు మీదే 2018లో అంటారియో రోవన్స్ లా చేసింది. ఆటల్లో చేర్చేటప్పుడు ప్రతి ఏడాదీ మనచేత కన్‌కషన్ సమాచారం చదివించి ఒక ఫారం నింపిస్తారే, అది ఈ చట్టం వల్లే. చదవకుండా క్లిక్ చేసేయకండి.

నియమం చాలా తేలిక. అనుమానం వస్తే వెంటనే ఆట ఆపాలి, ఆ రోజు మళ్లీ ఐస్ ఎక్కకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తర్వాత మెట్లు మెట్లుగా నడక, స్కేటింగ్, ఢీకొట్టుకోవడం లేని ప్రాక్టీసు. ముందు బడికి పూర్తిగా వెళ్లగలగాలి, ఆట ఆ తర్వాతే. పూర్తి ప్రాక్టీసుకి, మ్యాచ్‌కి డాక్టర్ అనుమతి కావాలి. పిల్లల్లో నాలుగు వారాల దాకా పట్టొచ్చు. ప్లేఆఫ్స్ సగం అయిపోతాయి. అవనివ్వండి.

మనవాళ్లకో ఇబ్బంది ఉంది. కోచ్‌ని ఎదిరించి మాట్లాడితే పిల్లాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాడేమో అని ఊరుకుంటాం. ఈ విషయంలో చట్టం మీవైపు ఉంది. గట్టిగా "లేదు, ఈ రోజు ఆడడు" అనండి. ఇంకో సంగతి, 13 ఏళ్ల లోపు విభాగాల్లో బాడీ చెకింగ్‌ని హాకీ కెనడా 2013లోనే నిషేధించింది. అండర్-15 నుంచి చెకింగ్ ఉన్న విభాగమా, లేని విభాగమా అని చేరేముందే అడిగి తెలుసుకోవచ్చు.

చదువు మాటేమిటి?

మన ఇళ్లలో చివరికి వచ్చేది ఈ ప్రశ్నే. జూనియర్ లీగ్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు స్కాలర్‌షిప్‌గా వచ్చే ఏర్పాటు ఉంది. షరతులు, గడువులు ఉంటాయి కాబట్టి కాగితం మీద సంతకానికి ముందు ప్రతి లైనూ చదవాలి. ఇంతకుముందు ఇంకో చిక్కు ఉండేది. ఈ మూడు లీగుల్లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ డివిజన్ 1 హాకీ తలుపు మూసుకుపోయేది. 2024 నవంబర్లో ఎన్‌సీఏఏ ఆ నియమం మార్చింది. 2025 ఆగస్టు 1 నుంచి ఆ దారి తెరుచుకుంది. 16 ఏళ్లకే ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన అవస్థ దీంతో చాలా తగ్గింది.

మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో జూనియర్ జట్టు ఉంటే ఈసారి ప్లేఆఫ్ మ్యాచ్‌కి ఒకసారి వెళ్లి చూడండి. టికెట్ ఎన్‌హెచ్ఎల్‌తో పోలిస్తే చాలా తక్కువ, ఆట మాత్రం కళ్ల ముందే. స్వెటర్ మర్చిపోకండి. మొదటి పీరియడ్‌లో పక్ ఎటు పోయిందో కనబడదు, కంగారు పడొద్దు. పక్‌ని వదిలేసి, బెంచీ దగ్గర ఎవరు దిగుతున్నారు, ఎవరు ఎక్కుతున్నారు అన్నది చూడండి. ఆట అక్కడి నుంచి అర్థమవుతుంది.