సైకిలు కంప్యూటరుకు చక్రపు కొలత ఏల?

బాలలారా! సైకిలు హ్యాండిలుకు బిగించిన చిన్న జీపీఎస్ కంప్యూటరు, భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున పరిభ్రమించు ఉపగ్రహములలో కనీసము నాల్గింటి సంకేతములను గ్రహించి తానున్న చోటు నెఱుంగుచుండగా, దానికి మరల చక్రపు చుట్టుకొలతను మనమేల చెప్పవలెనని మీకు సందేహము కలుగవచ్చును. దట్టమైన చెట్ల నీడలో ఆ సంకేతములు క్షీణించును. సొరంగములో బొత్తిగా అందవు. అట్టి తావుల, చక్రపు ఇరుసునకు తగిలించిన సెన్సారు చుట్లను లెక్కించి దూరమును తెలుపును. అయితే చుట్టొకటికి ఎంత దూరమో దానికెవరు చెప్పవలెను?

700×25 టైరుకు 2105 మిల్లీమీటర్లని పట్టికలలో ఉండును. నేను పట్టికను నమ్మను. గాలి తగ్గినను, ఎక్కినవాని బరువు హెచ్చినను ఆ కొలత కొంచెము కుఱుచయగును. వాల్వు అడుగునకు వచ్చినచోట నేలపై సుద్దతో గీత గీచి, మీరు సైకిలుపై కూర్చుండి, మిత్రుడొకడు పట్టుకొని నడిపింపగా, వాల్వు మరల అడుగునకు వచ్చినచోట రెండవ గీత గీచి, నడిమి దూరమును టేపుతో కొలిచి, ఆ సంఖ్యను సెట్టింగులలో చక్రపు కొలత యడుగుచోట నింపుడు. 21 మిల్లీమీటర్ల పొరపాటు స్వల్పమే కదా యందురేమో! 100 కిలోమీటర్ల ప్రయాణమున అది దాదాపు ఒక కిలోమీటరగును.

టైరు మార్చిననాడు మరల కొలువుడు.