చదరంగంలో రహస్య సన్నాహం

చదరంగంలో రహస్య సన్నాహం అనగా పోటీకి ముందుగా క్రీడాకారుడు, అతని సహాయకులు కలసి సిద్ధం చేసుకొన్న ఎత్తులను, వ్యూహాలను ప్రత్యర్థికి తెలియకుండా దాచి ఉంచుకొనే పద్ధతి. అంతర్జాతీయ చదరంగంలో, ముఖ్యంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలలో, ఇది ఆటలో భాగంగానే పరిగణింపబడుతున్నది. వీడియో గేముల పోటీలలో జట్లు తమ సాధనను గోప్యంగా ఉంచుకొనే అలవాటుకు, దీనికి దగ్గరి పోలిక కలదు. పత్తికి, మిరపకు పేరొందిన గుంటూరు ప్రాంతంలో జన్మించిన ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, ఈ పద్ధతిని రెండు భిన్నమైన పరిస్థితులలో ఎదుర్కొన్నవారు.

రహస్యం ఎక్కడ ఉన్నది?

పేకాటలో ముక్కలు చేతిలో దాగి ఉంటాయి. చదరంగంలో అటువంటిదేమీ లేదు. పావులన్నీ ఇద్దరి కళ్ళ ఎదుటనే ఉంటాయి, నియమాలు ఇద్దరికీ ఒకటే. కాబట్టి ఈ ఆటలో దాచవలసినది బల్ల మీద ఉండదు. ఇంటివద్ద చేసిన ఆలోచనలో ఉంటుంది. ఆట మొదటి పది పదిహేను ఎత్తులకు సంబంధించి శతాబ్దాలుగా పోగుపడిన పరిజ్ఞానం పుస్తకాలలోను, కంప్యూటరు భాండాగారాలలోను లభిస్తుంది. ఆ తెలిసిన దారిలో ఎక్కడో ఒకచోట అంతవరకు ఎవరూ ఆడని మంచి ఎత్తును కనుగొని, తగిన రోజు కొరకు దాచి ఉంచుకోవడమే సన్నాహంలోని ప్రధానాంశం.

దాని విలువ గడియారంతో ముడిపడి ఉన్నది. 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 120 నిమిషాలు ఇచ్చారు. అనగా సగటున ఎత్తుకు మూడు నిమిషాలు. ఒక జట్టు వారాల తరబడి పరిశీలించిన స్థితిని ప్రత్యర్థి అప్పటికప్పుడు, ఒంటరిగా, ఈ నిమిషాలలోనే అర్థం చేసుకోవలసి వస్తుంది. సరైన జవాబు దొరికినా గడియారంలో వెనుకబడతాడు. అయితే ఆ ఎత్తు ఆడిన మరుక్షణం ప్రపంచమంతటికీ తెలిసిపోతుంది. ఆ రాత్రికే వేలమంది దానిని కంప్యూటరులో పరీక్షిస్తారు. అందువలన కొత్త ఎత్తు ఒక్కసారి మాత్రమే పేలే టపాకాయ వంటిది; పోటీకి ముందే బయటపడినచో ఆ ఒక్కసారి కూడా పేలదు.

తెలుగునాట పశువుల సంతలలో దళారులు తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకొని ధర కుదుర్చుకొనే ఆచారం పెద్దలకు తెలిసినదే. ఎద్దు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, బేరం మాత్రం కనిపించదు. చదరంగపు సన్నాహం స్వభావం కూడా ఇటువంటిదే.

చరిత్ర

ఈ విషయంలో తరచుగా చెప్పుకొనే పాత ఉదాహరణ 1918లో న్యూయార్కులో జరిగిన ఆట. అమెరికా క్రీడాకారుడు ఫ్రాంక్ మార్షల్ తాను కనుగొన్న ఒక దాడిని కాపాబ్లాంకాపై ప్రయోగించడానికి ఏళ్ళ తరబడి దాచి ఉంచాడని కథ. కాపాబ్లాంకా ఆ దాడిని బల్ల వద్దనే తిప్పికొట్టి గెలిచాడు. మార్షల్ ఆ ఎత్తును అంతకుముందే ఆడినట్లు తరువాతి పరిశోధకులు చూపారు గనుక, కథలోని దాపరికం కొంత అతిశయోక్తి. దాడి మాత్రం మార్షల్ పేరుతోనే నిలిచి నేటికీ ఆడబడుతున్నది.

భారతీయ పాఠకులకు విశ్వనాథన్ ఆనంద్ అనుభవాలు మరింత ఆసక్తికరం. 1995లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తొమ్మిదో ఆట గెలిచి ఆధిక్యంలోకి వచ్చిన ఆనంద్‌పై, పదో ఆటలో గారీ కాస్పరోవ్ ఇంటివద్ద సిద్ధం చేసుకొన్న ఏనుగు బలిని ప్రయోగించాడు. కాస్పరోవ్ వేగంగా ఆడుతూ పోగా ఆనంద్ దీర్ఘంగా ఆలోచించవలసి వచ్చినది. ఆ ఆటతో పోటీ మలుపు తిరిగింది. 2000లో లండనులో వ్లాదిమిర్ క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్సు అనే, అప్పటికి పెద్దగా వాడుకలో లేని రక్షణను సిద్ధం చేసుకొని వచ్చి, అదే కాస్పరోవ్‌ను ఒక్క ఆట కూడా గెలవనీయకుండా కిరీటాన్ని గెలుచుకొన్నాడు.

2008లో బాన్ నగరంలో క్రామ్నిక్‌తో తలపడినపుడు ఆనంద్ వంతు వచ్చింది. అంతవరకు ఎక్కువగా రాజు ముందరి బంటుతో ఆట ప్రారంభించే ఆనంద్, ఆ పోటీలో మంత్రి ముందరి బంటును ఎంచుకొన్నాడు. నల్లపావులతో ఆడిన మూడో, ఐదో ఆటలలో సాహసోపేతమైన సన్నాహంతో విజయం సాధించాడు. తన ఆట స్వభావాన్నే మార్చుకొని ఆ మార్పును నెలల తరబడి బయటపడనీయకపోవడం ఇక్కడి విశేషం. 2010లో సోఫియాలో తొపాలోవ్‌పై గెలిచిన తరువాత, తనకు తెరవెనుక కాస్పరోవ్, క్రామ్నిక్, మాగ్నస్ కార్ల్‌సెన్ వంటి వారు సహాయపడ్డారని ఆనంద్ వెల్లడించాడు.

సహాయకులు: హరికృష్ణ ఉదాహరణ

సన్నాహంలో తోడ్పడే క్రీడాకారులను సెకండ్లు అంటారు. పూర్వం ద్వంద్వయుద్ధాలలో యోధుని పక్కన నిలిచే తోడుకు ఉన్న పేరు ఇది. వీరి పని కొత్త ఎత్తులు వెదకడం, ప్రత్యర్థి పాత ఆటలను పరిశీలించడం, సాధన ఆటలు ఆడడం, ఆట ముగిసిన రాత్రి మేలుకొని మరునాటికి కావలసిన పత్రాలను తయారుచేయడం. వీరు ఎవరన్నది కూడా తరచుగా రహస్యమే. కారణం సులభంగా గ్రహించవచ్చును. ప్రతి గ్రాండ్‌మాస్టరుకు తనకు ఇష్టమైన ప్రారంభాలు ఉంటాయి. సహాయకుని పేరు తెలిసినచో ప్రత్యర్థి ఏ దిక్కు నుండి గాలి వీస్తున్నదో ఊహించగలడు.

పెంటేల హరికృష్ణ 1986 మే 10న గుంటూరులో జన్మించాడు. 2001లో గ్రాండ్‌మాస్టరు అయ్యాడు. అప్పటికి ఆ హోదా పొందిన భారతీయులలో అతనే పిన్నవయస్కుడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్, 2011లో ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2016లో ప్రపంచ ర్యాంకులలో పదో స్థానానికి చేరుకొన్నాడు.

2024 నవంబరు 25 నుండి డిసెంబరు 12 వరకు సింగపూరులో చైనాకు చెందిన డింగ్ లిరెన్‌కు, దొమ్మరాజు గుకేశ్‌కు మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినది. గుకేశ్ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 2006లో జన్మించాడు. పోటీ జరుగుతున్నంతకాలం అతని ప్రధాన శిక్షకుడు గ్రెగోర్జ్ గాయెవ్‌స్కీ, మానసిక శిక్షకుడు ప్యాడీ ఆప్టన్ తప్ప తక్కిన బృందం వివరాలు గోప్యంగా ఉంచబడ్డాయి. 14 ఆటల పోటీని 7.5–6.5 తేడాతో గెలిచి 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయిన పిమ్మట గుకేశ్ తన సహాయకుల పేర్లు చెప్పాడు. రాడొస్లావ్ వొయ్‌తాషెక్, విన్సెంట్ కైమర్, యాన్ క్రిస్టాఫ్ డూడా, యాన్ క్లిమ్‌కోవ్‌స్కీలతో పాటు ఆ జాబితాలో గుంటూరు హరికృష్ణ పేరు ఉన్నది.

డింగ్ ఆ పోటీలో మొదటి, ఐదో, పదమూడో ఆటలలో నల్లపావులతో ఫ్రెంచి డిఫెన్సు ఆడాడు. హరికృష్ణ అదే ఫ్రెంచి డిఫెన్సుపై విద్యార్థుల కొరకు ఒక విస్తారమైన అంతర్జాల పాఠ్యక్రమాన్ని అంతకు ముందే రూపొందించి ఉన్నాడు. అనగా ఒకే వ్యక్తి తన జ్ఞానంలో ఒక భాగాన్ని అందరికీ పంచిపెట్టి, మరొక భాగాన్ని ఒక్కరి కొరకు దాచిపెట్టాడన్నమాట. అయితే గుకేశ్ ఆటలలో ఏ ఎత్తు ఏ సహాయకుడు కనుగొన్నదో చెప్పే ఆచారం లేదు.

ఇక్కడ సహాయకుని త్యాగాన్ని కూడా గుర్తించవలసి ఉన్నది. హరికృష్ణ, కైమర్, డూడా వంటి వారు స్వయంగా అగ్రశ్రేణి పోటీలలో పాల్గొనే క్రీడాకారులు. తాము కనుగొన్న మంచి ఎత్తును తమ ఆటలో వాడుకొన్నచో అది వారి పేరుతో చరిత్రకెక్కుతుంది. సహాయకుడిగా ఇచ్చివేసినచో విజేత పేరుతో నమోదవుతుంది. వాడకుండా మిగిలిపోయిన ఎత్తులను కూడా వారు వెంటనే తమ ఆటలలో ప్రయోగించడం మర్యాద కాదు.

సన్నాహం ఎంత గట్టిదైనా అది గెలుపుకు హామీ కాదు. మొదటి ఆటలో గుకేశ్ ప్రారంభపుటెత్తులను చకచకా ఆడగా డింగ్ గడియారంలో బాగా వెనుకబడ్డాడు. చివరకు గెలిచినది డింగే. కిరీటాన్ని నిర్ణయించిన పద్నాలుగో ఆటలో కూడా నిర్ణాయకమైనది అంత్యదశలో, 55వ ఎత్తు వద్ద, డింగ్ చేసిన పొరపాటు. ఆ దశకు ఏ జట్టు పత్రాలూ చేరవు.

రహస్యం బయటపడిన సందర్భాలు

1986లో కార్పోవ్‌తో జరిగిన పోటీలో వరుసగా మూడు ఆటలు ఓడిన కాస్పరోవ్, తన సహాయకుడు ఎవ్‌గెనీ వ్లాదిమిరోవ్ సన్నాహాన్ని ప్రత్యర్థికి చేరవేశాడని అనుమానించాడు. వ్లాదిమిరోవ్ బృందం నుండి వైదొలగాడు. ఆరోపణ రుజువు కాలేదు. రహస్యం మీద ఆధారపడిన బృందంలో అనుమానం ఎంత సులభంగా పుడుతుందో, దానిని నివారించుకోవడం నిందితునికి ఎంత కష్టమో ఈ సంఘటన తెలుపుతుంది.

తరువాతి కాలపు లీకులకు మనుషుల కంటే పరికరాలే ఎక్కువ కారణం. 2018 నవంబరులో లండనులో కార్ల్‌సెన్, ఫాబియానో కరువానాల పోటీ జరుగుతుండగా, కరువానా శిక్షణ శిబిరాన్ని చూపే ఒక ప్రచార వీడియో వెలువడినది. అందులో ల్యాప్‌టాప్ తెర మీద కొన్ని ప్రారంభాల పేర్లు కనబడ్డాయి. వీడియోను తొలగించారు గాని అప్పటికే చూడవలసినవారు చూశారు. 2023 ఏప్రిల్‌లో అస్తానాలో డింగ్, నెపోమ్నియాషీల పోటీ మధ్యలో, ఒక ఉచిత చదరంగపు సైటులో రెండు అనామక ఖాతాల మధ్య జరిగిన సాధన ఆటలను అభిమానులు గుర్తించారు. వాటిలోని ప్రారంభాలు డింగ్ పోటీలో ఆడినవాటితో సరిపోలాయి. ఇంత జరిగినా ఆ పోటీలో టైబ్రేకులో డింగే విజేత అయ్యాడు. ఖాతా పేరు మార్చినంత మాత్రాన ఆటతీరు మారదనే సంగతిని మాత్రం శిక్షకులు జ్ఞాపకముంచుకొన్నారు.

నాకౌట్ పోటీలు, జట్టు సహచరులు

ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో ప్రత్యర్థి ఎవరో నెలల ముందే తెలుస్తుంది. నాకౌట్ పోటీలలో ఆ వెసులుబాటు లేదు. 1991 జనవరి 12న గుంటూరులో జన్మించిన ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017 ప్రపంచ మహిళా ఛాంపియన్‌షిప్‌లలో సెమీఫైనలు చేరి మూడుసార్లు కాంస్య పతకం పొందినది. అవి 64 మందితో ప్రారంభమయ్యే నాకౌట్ పోటీలు. ఒక దశ ముగిసిన సాయంత్రమే మరుసటి ప్రత్యర్థి ఖరారవుతుంది. సన్నాహానికి మిగిలేది ఒక రాత్రి. అటువంటి చోట ఒక్క ప్రత్యర్థి కొరకు దాచిన ఎత్తు కంటే, ఎవరికైనా పనికివచ్చే విశాలమైన పరిజ్ఞానం మేలు.

మరొక చిక్కు జట్టు సహచరుల మధ్య తలెత్తుతుంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడులో స్వర్ణం గెలిచిన భారత మహిళా జట్టులో హారిక, దివ్యా దేశ్‌ముఖ్ సభ్యులు. ఒలింపియాడులో సహచరులు సన్నాహాన్ని పంచుకొంటారు. పది నెలలు తిరగకుండానే, 2025 జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనలులో వారిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. టైబ్రేకులో దివ్య గెలిచింది. ఫైనలులో ఆమె చేతిలో ఓడినది మరో తెలుగు క్రీడాకారిణి కోనేరు హంపి. దేశం కొరకు పంచుకొన్న సంగతులలో ఎంతవరకు తన సొంతమో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. దీనికి వ్రాతపూర్వక నియమం లేదు.

కంప్యూటరు ప్రభావం

స్టాక్‌ఫిష్ వంటి ఉచిత చదరంగపు ఇంజన్లు వచ్చిన తరువాత, ఏ స్థితిలోనైనా అత్యుత్తమమైన ఎత్తు ఏదో గుంటూరు విద్యార్థికి, ప్రపంచ విజేతకు ఒకే విధంగా తెలుస్తున్నది. కాబట్టి ఉత్తమమైన ఎత్తును దాచడం అసాధ్యమైనది. దీనికి విరుగుడుగా నేటి బృందాలు యంత్రం రెండో, మూడో స్థానంలో చూపే ఎత్తులను వెదకుతున్నాయి. అవి కాస్త బలహీనమైనా, ప్రత్యర్థి వాటిని ముందుగా చదివి ఉండడు. నేడు దాచవలసిన రహస్యం ఎత్తు మంచిదా అన్నది కాదు, అనేక దారులలో ఏ దారిని ఎంచుకొన్నారన్నది.

వీడియో గేములలో

వీడియో గేముల పోటీలలో సమస్య మరింత జటిలం. చదరంగంలో ఇద్దరు సహాయకులు తలుపు మూసుకొని సాధన చేయవచ్చును. ఐదుగురు సభ్యులున్న గేము జట్టుకు సాధన చేయడానికి అంతే బలమైన మరొక జట్టు కావాలి. ఆ జట్టు రేపటి ప్రత్యర్థే. స్క్రిమ్ అని పిలిచే ఈ సాధన ఆటల వివరాలను బయటపెట్టరాదనే ఒప్పందం సాధారణంగా మాట మీదనే నడుస్తుంది. అసలు వ్యూహాన్ని దాచి సాధనలో మరొకటి ఆడే జట్లు కూడా కలవు. కాని సాధన చేయని వ్యూహం పోటీలో తడబడుతుంది గనుక దాపరికానికి కూడా ఖర్చు ఉన్నది. స్టార్‌క్రాఫ్ట్ గేములో నిపుణులు నిలువు గీతల వలె కనిపించే అక్షరాలతో ఖాతా పేర్లు పెట్టుకొంటారు. అందరి పేర్లూ దుకాణంలోని బార్‌కోడు వలె ఉండడంతో ఎవరు ఎవరో తెలియదు.

2025లో రియాదులో జరిగిన ఈస్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగం కూడా ఒక అంశంగా చేరడంతో ఈ రెండు లోకాలు కలిశాయి. వరంగల్లుకు చెందిన ఇరిగేశి అర్జున్ జెన్ జీ అనే గేమింగ్ సంస్థ తరఫున ఆడి నాలుగో స్థానం పొందాడు.

విమర్శలు, ప్రత్యామ్నాయాలు

రహస్య సన్నాహం ధనవంతుల ఆయుధమనే విమర్శ ఉన్నది. ఆరుగురు సహాయకులను, శిబిరాలను, శక్తివంతమైన కంప్యూటర్లను సమకూర్చుకోవడం సామాన్య క్రీడాకారునికి సాధ్యం కాదు. ఇంజను ఉచితమైనా దాని ఫలితాలను వడపోసే అనుభవజ్ఞుడు ఉచితంగా దొరకడు. ఈ విమర్శ చాలవరకు న్యాయమైనదే.

కంఠస్థం చేసిన ఎత్తులను నిరుపయోగం చేయడానికి బాబీ ఫిషర్ 1996లో వెనుక వరుస పావులను చీటీ తీసినట్లు తారుమారు చేసే ఆటను ప్రతిపాదించాడు. అందులో 960 ప్రారంభ స్థితులు సాధ్యం. ఈ ఆటతో 2024 ఫిబ్రవరిలో జర్మనీలోని వైసెన్‌హౌస్‌లో జరిగిన పోటీలో గుకేశ్ కూడా పాల్గొన్నాడు. ఆనాటి స్థితి ఆటకు కొద్ది నిమిషాల ముందు మాత్రమే ప్రకటించేవారు. ఇక దాచడానికి ఏమీ లేనందున, తెల్లపావులు ఆడవలసినవారంతా ఒకచోట, నల్లపావులవారు మరొకచోట గుమిగూడి, తమలో తాము పోటీదారులమన్న సంగతి పక్కనపెట్టి, ఆ కొద్ది నిమిషాలూ కలసి చర్చించుకొనేవారు.