నోట చెప్పలేని ఆలోచనలు

కర్నూలు, కడప ప్రాంతాలలో నీటికి లెక్క ఉంటుంది. ఎండాకాలంలో ట్యాంకరు వచ్చే వీధులలో ఏ ఇంటివారు ఎన్ని బిందెలు పట్టుకున్నారో పొరుగువారికి సైతం తెలుస్తుంది. దైవప్రవక్త (స) లీటరు లోపు నీటితోనే వుజూ ముగించేవారని హదీసు గ్రంథాల వల్ల తెలుస్తోంది. అటువంటిది, ఇంట్లో ఒకరు ప్రతి నమాజుకూ బిందెడు నీరు ఖర్చు చేస్తున్నారంటే ఆ సంగతి దాగదు. పెద్దలు చాదస్తమంటారు. చదువుకున్న పిల్లలు నవ్వుతూ ఓసీడీ అంటారు. నీరు కనిపిస్తుంది కనుక జబ్బూ కనిపిస్తుంది. మరి చుక్క నీరైనా ఒలకబోయని ఓసీడీ మాటేమిటి? ఈ నెల మేము దానిని గురించే వ్రాయదలచాము.

మాకు తెలిసిన ఒక ఇంటి విషయమిది. గుర్తుపట్టగల వివరాలు వదలివేశాము. కాన్పయి మూడు నెలలైన తల్లి ఒకనాడు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. పక్కన చాప మీద బిడ్డ నిద్రపోతోంది. ‘బిడ్డను దీనిమీద పడవేస్తానేమో’ అన్న ఊహ ఉన్నట్టుండి ఆమె మనసులో మెరిసింది. ఒళ్లు జల్లుమంది. కత్తిపీటను అటక ఎక్కించింది. మరునాడు ఆ ఊహ మళ్లీ వచ్చింది, ఆపైన రోజుకు పదిసార్లు. బిడ్డతో ఒంటరిగా ఉండడం మానుకుంది. ఊహ వచ్చిన ప్రతిసారీ తౌబా చేసుకునేది. సరిగా చేయలేదేమోనని మళ్లీ చేసేది. చివరకు తాళలేక జేజితో చెప్పుకుంది.

“ఇంత పాడు మాట నీ నోటికి ఎట్లొచ్చెనే?” అంది జేజి.

ఆ రాత్రి నుండి బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టారు. తల్లి మెడలో తావీదు కట్టారు. బంధువులకు కబురు వెళ్లింది. వారెవరూ చెడ్డవారు కారు, బిడ్డ క్షేమం కోరినవారే. కాని బిడ్డ ప్రాణానికి భయపడి కత్తిపీటను దాచిన మనిషినే బిడ్డకు ముప్పుగా లెక్కించారు.

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే ఈ రుగ్మతలో రెండు ముడులు ఉంటాయి. వద్దన్నా తిరిగివచ్చే ఆలోచన ఒకటి. ఆ కలవరం తీరడానికి మళ్లీ మళ్లీ చేసే పని రెండవది. ఆ పని చేతులు కడుక్కోవడమే కానక్కరలేదు. కలిమాను లోలోపలే పదేపదే చదువుకోవడం, నియ్యత్ కుదరలేదని నమాజు మొదటికి తెచ్చుకోవడం, ‘నేనింకా ముస్లింనేనా?’ అని కనబడిన పండితునినల్లా అడగడం కూడా అదే కోవలోనివి. ఆలోచనల సంగతి మరీ కష్టం. అయినవారిని హింసించడం, తలచుకోరాని లైంగిక దృశ్యాలు, అల్లాహ్ పట్ల దూషణ. ఎవరికి ఏది అన్నిటికన్నా ప్రియమో, పవిత్రమో, జబ్బు తరచుగా దానినే పట్టుకుంటుంది. భక్తునికి దూషణ వినిపిస్తుంది, తల్లికి కత్తి కనిపిస్తుంది. అది కోరిక కాదు. కోరికే అయితే ఆమెకు అంత వణుకు పుట్టదు.

ఇటువంటి ఊహలు రోగులకే పరిమితమా అంటే, కాదు. రాక్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వవేత్తలు 1978లో ప్రచురించిన అధ్యయనంలో ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి సుమారు ఎనభైమంది తమకు అటువంటి ఆలోచనలు వస్తాయని చెప్పారు. వచ్చినదానిని పట్టించుకోక వదలివేసేవారు బాగానే ఉంటారు. దానికి అర్థం వెదికి, తరిమివేయబూనినవారు చిక్కుకుంటారు. 1987లో డేనియల్ వెగ్నర్ కొందరు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటిని తలచవద్దని కోరి చూశారు. వారు తలచకుండా ఉండలేకపోయారు.

మన పాఠకులకు ఇందులో వింతేమీ ఉండకూడదు. దైవప్రవక్త (స) వద్దకు కొందరు సహచరులు వచ్చి, నోట పలకడానికి కూడా సాహసించలేని భావాలు తమ మనసుల్లో కలుగుతున్నాయని చెప్పుకున్న వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన వారిని గద్దించలేదు, వారి విశ్వాసాన్ని శంకించలేదు. ఆ భావాలంటే వారికి కలిగిన ఏవగింపునే విశ్వాసానికి గుర్తుగా ఎంచారని ధర్మవేత్తలు వివరించారు. పలకనంతవరకు, చేయనంతవరకు మనసులోని ఊహలకు పట్టింపు లేదన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటా ఉంది. క్రీ.శ. 850–934 మధ్య జీవించిన అబూ జైద్ అల్‌బల్ఖీ శరీర, మనో ఆరోగ్యాలపై వ్రాసిన గ్రంథంలో భయం, కోపం, దుఃఖాలతో పాటు వస్వసాను కూడా చికిత్స చేయదగిన బాధగా చేర్చారు. అట్టివారు ఏకాంతంలో ఉండరాదన్నారు. మనమేమో వారిని వేరే గదిలో ఉంచుతున్నాము!

ఇమాములకు, పెద్దలకు ఒక మనవి. అటువంటివారు వచ్చి అడిగితే దయతో ఒకసారి సమాధానం చెప్పండి. అదే ప్రశ్న పదవసారి అడిగితే పదవసారి భరోసా ఇవ్వడం మేలు కాదు. ఆ భరోసా గంటసేపు నిలిచి, జబ్బుకు మరింత బలమిస్తుంది. అప్పుడు చేయవలసినది వైద్యుని దగ్గరకు పంపడం.

చికిత్సలో ప్రధానమైనది ఒక శిక్షణ. ఆలోచన వచ్చినప్పుడు దానిని తరమకుండా, తౌబాల వరుస మొదలుపెట్టకుండా, ఆ కలవరం దానంతటదే తగ్గేవరకు ఓర్చుకోవడం మెట్టుమెట్టుగా నేర్పుతారు. పాపం చేసి చూడమని ఎవరూ చెప్పరు. సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ వంటి మందులూ ఉన్నాయి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు గనుక, పదిరోజులకే పనిచేయలేదని మానివేయరాదు. పాలిచ్చే తల్లికి ఏది తగునో వైద్యులే నిర్ణయిస్తారు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. కాన్పు తరువాత కొద్దిమందిలో మతి చెదిరే మరో తీవ్రమైన వ్యాధి వస్తుంది. నిద్ర పూర్తిగా పోవడం, లేని స్వరాలు వినిపించడం, బిడ్డలో ఏదో దుష్టశక్తి ఉందని గట్టిగా నమ్మడం దాని లక్షణాలు. అప్పుడు తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలక, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏది ఏ జబ్బో తేల్చడం జేజి పని కాదు, మా పనీ కాదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ ఇంట్లో ఆసుపత్రికి వెళదామని మొదట అన్నది భర్త. మందులు మొదలైన నాలుగవ నెలలో కత్తిపీట అటక దిగింది. ఆ ఊహ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుందట. వచ్చినా ఆమె వంకాయలు తరగడం ఆపడం లేదు. బిడ్డ పక్కనే చాప మీద ఉంటోంది.