ఫోటో చిత్రీకరణకు కృత్రిమ రెక్కలు: బరువు, బిగింపు, అమరిక

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• రెక్కల బరువును ముందుగా అంచనా వేయగలుగుతారు.
• రెక్క ఎందుకు వాలిపోతుందో కారణం చెప్పగలుగుతారు.
• కాగితపు ఈకలను సరైన వరుసలో అమర్చగలుగుతారు.
• ధరించేవారి భద్రతకు తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించగలుగుతారు.

1. పరిచయం

పుట్టినరోజు ఫోటోలకు, పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోలకు, బడి వార్షికోత్సవానికి వీపున తగిలించే రెక్కలు అవసరమవుతుంటాయి. వీటిని ఇంట్లోనే తయారుచేయవచ్చు. అచ్చంపేట వంటి పట్టణంలో ఉండి ఈ పని నేర్చుకోదలచిన విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని ఈ భాగం రాశాం.

భుజాన పెద్ద అలంకారం మోయడం తెలంగాణకు కొత్త కాదు. చిందు యక్షగానంలో రాజు వేషం కట్టినవారు భుజకీర్తులు ధరిస్తారు. వాటిని తేలికైన కర్రతో చేసి, పైన రంగులు, మెరిసే కాగితం, అద్దాలు అతికిస్తారు. పాడుతూ, చిందులు వేస్తూ గంటల తరబడి ఆడే కళాకారులకు బరువైన నగ పనికిరాదు. కంటికి నిండుగా, ఒంటికి తేలికగా ఉండాలన్న ఈ సూత్రమే మన రెక్కలకూ ఆధారం.

2. ఏ ఈకలు వాడాలి?

అచ్చంపేట దాటితే నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నాయి. అడవిలో ఈకలు ఏరుకొచ్చి వాడవచ్చు కదా అనిపించవచ్చు. ఆ పని చేయకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నెమలి ఉంది. రక్షిత అడవి నుంచి అనుమతి లేకుండా ఏదీ బయటికి తేకూడదు. పైగా ఫోటోలో కనిపించేది ఈకల వరుస, వాటిపై పడే వెలుగునీడలు. ఈ రెండింటినీ తెల్ల కాగితంతోనే సాధించవచ్చు.

3. బరువు లెక్క

ఒక్కో రెక్కకు కావలసినవి:
• చట్రానికి 8 గేజి జి.ఐ. తీగ, 2 మీటర్లు. ఇది సుమారు 4 మి.మీ. మందం ఉంటుంది. మీటరుకు దాదాపు 100 గ్రాముల చొప్పున 200 గ్రాములు.
• ఈకలకు 80 జీఎస్ఎం ఏ4 కాగితాలు 30. ఒక్కొక్కటి 5 గ్రాముల చొప్పున 150 గ్రాములు.
• దోమతెర గుడ్డ, జిగురు, దారం సుమారు 50 గ్రాములు.

మొత్తం 400 గ్రాములు. రెండు రెక్కలు, వీపు పలక, పట్టీలు కలిపితే దాదాపు ఒక కిలో. కాగితం బదులు మందపాటి అట్ట వాడితే ఈ బరువు ఎంత పెరుగుతుందో మీరే లెక్క వేసి చూడండి.

4. బిగింపు

మొదటిసారి చేసిన రెక్కలు చాలావరకు వాలిపోతాయి. లోపం సాధారణంగా ఈకల్లో ఉండదు, బిగింపులో ఉంటుంది.

పూర్తయిన రెక్కను వేలిపై నిలబెట్టి చూడండి. అది ఏ చోట అటూఇటూ ఒరగకుండా నిలుస్తుందో అక్కడే దాని గురుత్వ కేంద్రం. ఆ కేంద్రం పలక అంచు నుంచి 36 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. అప్పుడు భ్రామకం 400 × 36 = 14,400 గ్రాము-సెం.మీ.

తీగను పలకకు రెండు చోట్ల కడతాం. ఒక కట్టు పలక అంచున, రెండోది లోపల ఉంటుంది. రెండింటి మధ్య దూరం 4 సెం.మీ. అయితే లోపలి కట్టు 14,400 ÷ 4 = 3,600 గ్రాముల లాగుడును తట్టుకోవాలి. అదే దూరం 16 సెం.మీ. అయితే లాగుడు 900 గ్రాములే. బరువు మారలేదు, తీగ పలకలోకి ఎంత దూరం వెళ్లిందన్నదే మారింది.

కాబట్టి 20 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు, 4 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ పలక తీసుకోండి. ప్రతి రెక్క తీగను ఆకు ఆకారంలో వంచి, రెండు కొసలనూ జతగా చేర్చి, పలకపై 16 సెం.మీ. మేర పరచండి. ఎడమ రెక్క తీగ పైన, కుడి రెక్క తీగ దాని కింద రావాలి. పలకకు రంధ్రాలు చేసి సన్నని బైండింగ్ వైరుతో గట్టిగా కట్టండి. వైరు కొసలను లోపలికి మడిచి, గుడ్డ టేపు చుట్టండి.

5. ఈకల అమరిక

చట్రానికి దోమతెర గుడ్డ కుట్టండి. కాగితాన్ని 25, 15, 8 సెం.మీ. పొడవున మూడు కొలతల్లో ఈకలుగా కత్తిరించండి. ప్రతి ఈకను నిలువునా మధ్యలో మడిచి విప్పితే ఈనె ఏర్పడుతుంది. ఈ మడత వల్లనే పలుచని కాగితం వేలాడకుండా నిలుస్తుంది.

పెంకుటింటి కప్పును గుర్తుతెచ్చుకోండి. పెంకులు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పేరుస్తారు. ఈకలనూ అలాగే అతికించాలి. పొడవైనవి కింది అంచున, మధ్యరకానివి వాటిపైన, పొట్టివి అన్నిటికంటే పైన రావాలి. పై వరుస కింది వరుస మొదళ్లను కప్పుతుంది. పక్షి రెక్కలో కూడా పెద్ద ఈకల మొదళ్లను చిన్న ఈకలు ఇలాగే కప్పి ఉంచుతాయి.

6. ధరించడం, చిత్రీకరణ

పలక రెండు భుజాల ఎముకల మధ్య ఆనాలి. బడిసంచికి ఉన్నట్టు రెండు వెడల్పాటి పట్టీలు పెట్టండి. రెక్కల బరువు వెనక్కి లాగుతుంది కనుక ఛాతీ మీదుగా అడ్డపట్టీ కూడా అవసరం. పలకకు లోపలివైపు మెత్తని గుడ్డ అతికించండి.

ఉదయం లేదా సాయంత్రపు ఎండ వెనకనుంచి పడితే కాగితం గుండా వెలుగు వచ్చి ఈకల పొరలు విడివిడిగా కనిపిస్తాయి. మెరుపు కాగితం అతికించి ఉంటే ఫ్లాష్ వెలుగుకు ఆ చోట తెల్లమచ్చ పడుతుంది.

విప్పారిన రెక్కలు గాలికి తెరచాపలా పనిచేస్తాయి. ఉమామహేశ్వరం వంటి కొండ తావుల్లో అంచున నిలబెట్టి ఫోటో తీయకూడదు. దీపాలు, టపాసుల దగ్గరికి పోనివ్వకూడదు. పిల్లలకు చట్రాన్ని సగం కొలతకు తగ్గించండి. రెండు ఫోటోల మధ్య విరామంలో రెక్కలు విప్పండి.

7. సారాంశం

రెక్కల అందం ఈకల్లో కనిపిస్తుంది, కానీ వాటిని నిలబెట్టేది వీపు పలక. తేలికైన సామగ్రి, దూరంగా వేసిన రెండు కట్లు, కింది నుంచి పైకి పేర్చిన ఈకలు, ఛాతీ పట్టీ ఉంటే రెక్కలు వాలవు, ధరించినవారికి నొప్పి కలగదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. రెక్క బరువు 300 గ్రాములు, గురుత్వ కేంద్రం పలక అంచు నుంచి 40 సెం.మీ. దూరంలో, కట్ల మధ్య దూరం 12 సెం.మీ. అయితే లోపలి కట్టుపై పడే లాగుడు ఎంత? (జవాబు: 1,000 గ్రాములు)
2. ఈకలను పై వరుస నుంచి మొదలుపెట్టి అతికిస్తే ఏమవుతుంది?
3. భుజకీర్తుల తయారీ నుంచి మీరు గ్రహించిన సూత్రం ఏది?