ఎక్కడికంటే... మా ఊరు చూడ్డానికి!

కిందటేడు వేసవి సెలవుల్లో మా మేనకోడలు ఏలూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. ఇద్దరం మెహదీపట్నంలో సికింద్రాబాద్ బస్సెక్కాం. "మాసాబ్ ట్యాంక్... మాసాబ్ ట్యాంక్ దిగేవాళ్ళు రండి" అని కండక్టరమ్మ కేక వేసింది.

"అత్తా, మాసాబ్ అంటే ఎవరు?" అంది పిల్ల.

"ఎవరో సాహెబు అయ్యుంటాడులే" అన్నాను.

ముందు సీట్లో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి నవ్వింది. "సాహెబు కాదమ్మా, సాహెబా. మా సాహెబా. రాణీగారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టాపు మీదుగా తిరుగుతున్నాను. ఒక్కరోజు కూడా ఆ పేరేమిటని అనుకోలేదు. పైగా ఆడమనిషి పేరుని మగవాడికి అంటగట్టేశాను!

ఇంటికొచ్చాక లెక్కేసుకున్నాను. ఇంత ఊళ్ళో నాకు నడిచి తెలిసిన చోట్లు ఎన్ని? ఆఫీసు, రైతు బజారు, పిల్లల స్కూలు, గుడి, డాక్టరుగారి క్లినిక్. అంతే! మిగతా ఊరంతా బస్సు కిటికీలోంచో, ఆటోలోంచో చూసిందే. మనం నడవమా అంటే బోలెడంత నడుస్తాం. కానీ చేతిలో సంచీ ఉంటుంది, మనసులో టైము ఉంటుంది. పని అయిపోగానే ఇంటిదారి. పని లేకుండా, ఊరికే, చుట్టూ చూసుకుంటూ నడిచింది ఎప్పుడు? మీరూ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పక్కింటావిడతో అన్నాను. "వదినగారూ, ఆదివారం పొద్దున్నే రెండు గంటలు మనవి కాదనుకుందాం. వారానికో పేట నడిచొద్దాం." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఇడ్లీపిండి రాత్రే రుబ్బి పెట్టేస్తే సరి, వాళ్ళే వేసుకుంటారు" అంది. అలా మొదలైంది.

పేటలకు ఆడవాళ్ళ పేర్లే!

మొదటి ఆదివారం మాసాబ్ ట్యాంకే. పేరులో ట్యాంకు ఉంది కానీ చెరువు లేదు. అది ఉన్నచోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు. ఎక్కువమంది చెప్పేదాన్నిబట్టి ఆ 'మా సాహెబా' హయత్ బక్షీ బేగం. 1591లో హైదరాబాద్‌ను కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. తర్వాతి సుల్తాను మహమ్మద్‌కు భార్య, ఆ తర్వాతి సుల్తాను అబ్దుల్లాకు తల్లి. కొడుకు చిన్నతనంలో గద్దెనెక్కితే రాజ్యం బరువు మోసింది ఆవిడే. 1667లో పోయింది. గోల్కొండ దగ్గర సుల్తానుల సమాధుల మధ్య వాళ్ళతో సమానంగా పెద్ద సమాధి ఉంది ఆవిడకి. ఊరికి తూర్పున విజయవాడ రోడ్డులో ఉన్న హయత్‌నగర్ కూడా ఆవిడ పేరే. అక్కడ ఆవిడ పేరున్న మసీదు, దాని పక్కనే 'హాథీ బావోలీ' అనే పెద్ద బావి ఉన్నాయి.

ఇక అక్కణ్ణించి తీగ లాగితే డొంకంతా కదిలింది. ఖైరతాబాద్ అంటే మనకు గుర్తొచ్చేది పెద్ద వినాయకుడు. పేరు మాత్రం కుతుబ్ షాహీ రాకుమార్తె ఖైరున్నిసా బేగంది. ఆవిడ తన గురువుగారి కోసం కట్టించిందని చెప్పే మసీదు ఇప్పటికీ అక్కడుంది. బేగంపేట నిజాం కూతురు బషీరున్నిసా బేగం పేరున వచ్చిందంటారు. మనం పెళ్ళిళ్ళకు స్టీలు, ఇత్తడి సామాన్లు కొనుక్కునే బేగంబజారు కూడా అంతే. నిజాం అలీఖాన్ భార్య వర్తకులకు ఇచ్చిన స్థలమని చెబుతారు. ఆవిడ పేరు తెలీకుండానే ఎన్ని గంగాళాలు మోసుకొచ్చామో!

మౌలాలీ గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఆవిడ 1768లో పుట్టి 1824లో పోయింది. ఉర్దూ కవయిత్రి, నర్తకి, నిజాం దర్బారులో జాగీరు పొందిన మనిషి. తల్లి పక్కనే నిద్రపోతోంది. మేం వెళ్ళినప్పుడు ఆ ఆవరణలో మేమిద్దరమే. వదినగారు మెట్టు మీద కూర్చుని, "అమ్మ పక్కనే చోటు ఉంచుకుంది చూశారా" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళమ్మ పోయి అప్పటికి మూడు నెలలే.

కోఠీలో ఓ బొమ్మమేడ

అన్నిట్లోకీ నా మనసులో నిలిచిపోయింది కోఠీ. బస్సులు మారడానికి, పిల్లల పుస్తకాలు కొనడానికి లెక్కలేనన్నిసార్లు దిగాను అక్కడ. ఆ గోడ వెనకాల ఏముందో పట్టించుకోలేదు.

అక్కడున్నది బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ముందు పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. ఆయన హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నిసాను పెళ్ళి చేసుకున్నాడు. ఖైరతాబాద్ ఖైరున్నిసా వేరు, ఈమె వేరు. ఈమె పరదా పాటించే పెద్దింటి పిల్ల. ఉండేది భవనం వెనకున్న జనానాలో. బయటికొచ్చి, ముందువైపు నిలబడి భర్త కట్టించిన మేడను చూసే వీల్లేదు. అందుకని ఆమె కోసం వెనక తోటలో ఆ భవనానికి చిన్న నమూనా, పిల్లల బొమ్మరిల్లులాంటిది, కట్టించాడని చెప్పుకుంటారు. అది ఇప్పటికీ ఉంది.

తన ఇంటిని బొమ్మలో చూసుకున్న ఇల్లాలు! ఆమె తర్వాతి బతుకూ కష్టమే. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు, తల్లి మళ్ళీ వాళ్ళను చూడలేదు. అదే ఏడు భర్తా పోయాడు.

'పాపం ఆ కాలం' అనుకోబోయాను. అంతలోనే, ఇరవై రెండేళ్ళు బస్సు కిటికీలోంచి ఊరు చూసిన నేను ఆమెను చూసి జాలిపడ్డమేమిటి అనిపించింది. ఆమెకు పరదా అడ్డం. మరి నాకు?

అదే ఆవరణలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. మన కోఠీ ఉమెన్స్ కాలేజీ. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, భూమికోసం దొరతో తలపడ్డ చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకామె గడప దాటి చూడలేని భవనం ముందు ఇప్పుడు వేలమంది ఆడపిల్లలు తిరుగుతున్నారు. లోపలికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర అడిగి వెళ్ళండి.

అక్కణ్ణించి నాలుగడుగులేస్తే సుల్తాన్ బజార్. గాజులు, గిన్నెలు, జాకెట్టు ముక్కల మధ్య శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901లో, ఉర్దూ రాజ్యమేలిన ఊళ్ళో పెట్టుకున్న తెలుగు గ్రంథాలయం. ఇంకాస్త ముందుకెళ్ళి నారాయణగూడ చేరితే మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల. 1928లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి పెట్టింది. మనకు చదువెలా వచ్చిందో పుస్తకంలో చదివినదానికంటే ఆ దారిలో నడిస్తే బాగా అర్థమవుతుంది.

సంచీ లేకపోతే అనుమానమే

అంతా హాయిగా సాగిందని చెబితే అబద్ధమే. ఓ వీధిలో పాత ఇంటి తలుపు చెక్కడం చూస్తూ నిలబడితే, "ఎవరింటికమ్మా?" అని నలుగురు అడిగారు. ఎవరింటికీ కాదు, ఊరికే అంటే నమ్మలేదు. అదే వీధి మొదట్లో టీ బండి దగ్గర పదిమంది మగవాళ్ళు ఏ పనీ లేకుండా నిలబడ్డారు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు!

ఇంట్లోనూ అంతే. "ఈ వయసులో ఈ తిరుగుడేమిటి?" అన్నారు మావారు. నాలుగో వారం నేను వదినగారితో కోఠీ కబుర్లు చెబుతుంటే పేపరు పక్కన పెట్టి విన్నారు. ఐదో వారం "నేనూ రానా?" అన్నారు. "ఈ ఆదివారానికి ఇడ్లీలు వెయ్యండి, పైవారం చూద్దాం" అన్నాను.

అడిగేవాళ్ళు మానరు. కానీ ఒక పేటలో ఆడవాళ్ళు తీరిగ్గా నడవడం నాలుగుసార్లు చూస్తే, ఐదోసారి అడగడం తగ్గుతుంది. మా పిల్లలు నడిచేనాటికి అసలు అడక్కపోవచ్చు.

బయల్దేరే ముందు

* ఒక పూటకి ఒక పేట చాలు. అన్నీ ఒకేసారి చూడబోతే కాళ్ళనొప్పులే మిగులుతాయి. పొద్దున ఏడుకల్లా బయల్దేరితే ఎండా ఉండదు, రద్దీ ఉండదు. బజార్లు చూడాలంటే మాత్రం పదకొండు దాటాక వెళ్ళండి.

* మొదట్లో ఒక తోడు ఉంటే ధైర్యం. వెళ్ళే చోటు ఇంట్లో చెప్పండి. అవసరమైతే ఫోన్లో 112 నొక్కడమే.

* బాత్రూము దొరకదని నీళ్ళు తాగడం మానేస్తాం మనం. అది మంచిది కాదు. దారిలో మెట్రో స్టేషన్, పెట్రోలు బంకు, పెద్ద ఆస్పత్రి ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.

* ఫుట్‌పాత్‌ల సంగతి తెలిసిందే. పాత చెప్పులే మేలు, కొత్తవి కరుస్తాయి.

* తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. గుర్తింపు కార్డు పెట్టుకుంటే చాలు. ఒక పేటలో దిగి, నడిచి, ఇంకో పేటలో ఎక్కి ఇంటికి రావచ్చు.

* పెద్దవాళ్ళను అడగండి. పూలమ్మే ఆవిడ, పాత కొట్టు యజమాని, అరుగు మీది ముసలమ్మ... వాళ్ళకు తెలిసినంత బోర్డు మీద రాసి ఉండదు.

హైదరాబాదే కానక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్ అయినా, కాకినాడ జగన్నాథపురం అయినా, వరంగల్ మట్టెవాడ అయినా ప్రతి పేటకూ ఒక పేరుంది, ఆ పేరు వెనక ఎవరో ఉన్నారు. మీ మేనకోడలు అడిగేలోపు మీరే తెలుసుకోండి. నాలా "ఎవరో సాహెబు" అనకుండా!

ఈ ఆదివారం సంచీ ఇంట్లో వదిలేసి గుమ్మం దిగండి. ఎక్కడికని ఎవరైనా అడిగితే తడబడకండి. "మా ఊరు చూసొస్తాను" అనండి. అదీ ఒక పనే!